అన్నీ అద్భుతాలేనా?

కొందరి రాతల్లో సూర్యాస్తమయం అద్భుతం. పుస్తకం అద్భుతం. చివరికి కొత్త చెప్పులు కూడా అద్భుతమే! మరి నిజంగా నోరు వెళ్లబెట్టే విషయం ఎదురైతే ఏం రాస్తారు? 'చాలా చాలా అద్భుతం' అనా?

'వర్షం పడింది' అట. ఎలా పడింది బాబూ? తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత... ఇన్ని మాటలు పెట్టుకుని అదొక్కటేనా దొరికింది? జల్లు అలా వచ్చి ఇలా పోతుంది. ముసురు పడితే రోజంతా వదలదు. రెండూ ఒకటెలా అవుతాయి?

ఇంకొకరు 'చాలా నీరసంగా, మెల్లమెల్లగా నడుచుకుంటూ వెళ్లాడు' అని సాగదీస్తారు. 'కాళ్లీడ్చాడు' అంటే సరిపోదూ?

వీటన్నిటికీ తాత ఒకటుంది. 'తనిఖీ చేయడం జరిగింది.' ఎవరు చేశారయ్యా? దానంతట అదే జరిగిపోయిందా? 'అధికారులు తనిఖీ చేశారు' అని రాస్తే సిరా అయిపోతుందా?