పిల్లికి సెలైనా? అవును, పిల్లికే

పిన్ని ఇప్పుడే వెళ్ళింది. తలుపు వేసి నేరుగా ఫోన్ పట్టుకున్నాను. ఆవిడ మొహం మీద అనలేనివన్నీ ఇక్కడైనా అనకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు.

విషయం చిన్నదే. కిడ్నీలు పాడైన మా పిల్లి పండుగాడికి సెలైన్ ఎక్కిస్తున్నాను. బ్యాగ్ కర్టెన్ రాడ్డుకు వేలాడదీసి, వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, భుజాల మధ్య వదులుగా ఉండే చర్మం పైకి లాగి సూది పెట్టాను. వాడేమో కళ్ళు మూసుకుని ఊరుకున్నాడు. పిన్ని మాత్రం ఊరుకోలేదు. "పిల్లికి సెలైనా!" అని పగలబడి నవ్వింది. నవ్వితే నవ్వింది, పోనీ అనుకున్నాను. ఆ తర్వాత జాలి మొహం పెట్టి, "ఎందుకే ఆ మూగజీవిని అలా పొడుస్తావు, సహజంగా పోనివ్వకూడదూ?" అంది. పిల్లికి బిచ్చం పెట్టని చెయ్యి ఆవిడది. నా పిల్లికి ఏ వైద్యం చేయాలో ఆవిడ చెబుతోంది!

అసలు ఈ 'సహజంగా' బ్యాచ్‌తో నాకు ఎప్పటినుంచో పేచీ ఉంది. వీళ్ళ ఊహలో సహజమైన చావు అంటే ముసలి పిల్లి కిటికీ దగ్గర ఎండలో పడుకుని, ఓ ఆవులింత ఆవులించి, అలా వెళ్ళిపోవడం. కిడ్నీలు పాడైన పిల్లి అలా పోదు తల్లీ. ఒంట్లోంచి పోవాల్సిన చెత్తంతా రక్తంలోనే ఉండిపోతుంది. కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి, నోట్లో పుళ్ళు పడతాయి. కిడ్నీ నీటిని పట్టి ఉంచలేదు కాబట్టి ఎంత తాగినా అంతకు మించి పోసేస్తుంది, ఒళ్ళు ఎండిపోతుంది. చివర్లో ఫిట్స్ కూడా రావచ్చు. సహజమంటే ఇదీ. చూస్తూ కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళు కూర్చోండి, నాకు లేదు.

ఆ సెలైన్ వాడిని బతికించడానికి కాదు. వాడు ఇక కోలుకోడని డాక్టరుకు తెలుసు, నాకూ తెలుసు. చర్మం కింద ఎక్కించిన నీరు కొన్ని గంటల్లో మెల్లగా ఒంటికి పడుతుంది. నోరు ఎండిపోదు, వికారం తగ్గుతుంది, వాడు లేచి నాలుగడుగులు వేసి తనకిష్టమైన చోట కూర్చుంటాడు. అంతే. ఆ నాలుగడుగుల కోసమే ఆ సూది. జబ్బు నయం చేయలేనప్పుడు బాధ తగ్గించడం కూడా వైద్యమే అని ఎవరికైనా చెబితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. మనుషుల విషయంలోనే ఈ సంగతి బుర్రకెక్కడానికి ఎంత కాలం పట్టిందని! లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే డాక్టరు సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, అంటే నయం కాని రోగుల బాధ తగ్గించి చివరిదాకా చూసుకునే చోటు, తెరిచింది 1967లో. జంతువుల హాస్పిస్ కోసం అంతర్జాతీయ సంఘం ఏర్పడింది 2009లో. ఆ వార్త మా పిన్నికి ఇంకో యాభై ఏళ్ళకు చేరుతుందేమో.

ఇంతటితో అయిపోలేదు. మీరు నమ్మరు, ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి పారాసెటమాల్ తీసింది. "అర ముక్క నూరి పోసెయ్, నొప్పులుంటే తగ్గుతాయి." ఒక్క క్షణం నాకు మాట రాలేదు. సెలైన్ ఎక్కిస్తే హింసట, ఇది మాత్రం ప్రేమట! పిల్లి లివర్‌కు పారాసెటమాల్‌ను అరిగించుకునే శక్తి లేదు. రక్తం ఆక్సిజన్‌ను మోయడం మానేస్తుంది, చిగుళ్ళు గోధుమ రంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది, ఊపిరాడక చచ్చిపోతుంది. ఒక్క మాత్ర చాలు. కుక్కలున్నవాళ్ళు తెలివిగా నవ్వుకోకండి, మీ ఇంట్లో ఐబుప్రొఫెన్ ఉంటుందిగా, అది కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలు తినేస్తుంది. నేను ఈ మాట చెబితే ఆవిడ, "మనుషులకు మంచిదైంది దానికి చెడ్డదా, చోద్యం కాకపోతే" అని మాత్రను మళ్ళీ బ్యాగులో వేసుకుంది. అలిగింది కూడా. ఇప్పుడు ఆవిడ అలక తీర్చే పని కూడా నాదే.

"అయినా దానికి నొప్పేం ఉంది, హాయిగా పడుకుందిగా" అన్నది ఇంకో ఆణిముత్యం. పిల్లి నొప్పిని దాచుకుంటుంది. అరవదు, మూలగదు, మంచం కిందకు వెళ్ళిపోతుంది. గురగురమంటోంది కాబట్టి సంతోషంగా ఉందనుకోవడం ఇంకో అమాయకత్వం, నొప్పిలో కూడా అవి గురగురమంటాయి. మాంట్రియల్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో పిల్లి మొహం చూసి నొప్పిని పసిగట్టే పద్ధతి ఒకటి ప్రచురించారు. చెవులు పక్కలకు తిరిగాయా, కళ్ళు సగం మూసుకున్నాయా, మూతి బిగిసిందా, మీసాలు నిటారుగా ముందుకొచ్చాయా, తల భుజాల కంటే కిందకు వాలిందా. ఈ ఐదూ చూడాలి. నేను రోజూ చూస్తాను. వాడు నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెడతాను, నిమిషానికి 30 దాటిందంటే డాక్టరుకు ఫోన్. వికారానికి ఒక మందు, ఆకలి కోసం చెవి లోపలి వైపు రాసే మిర్టజపైన్ ఆయింట్‌మెంట్, జారకుండా నేల మీద చాపలు, వాడు దొడ్డికి వెళ్ళడానికి గోడ ఎత్తు తగ్గించిన సాండ్ ట్రే. వాడు తనంతట తాను ఒళ్ళు నాక్కోలేడు కాబట్టి తడిగుడ్డతో తుడవడం. పిన్ని కళ్ళకు కనిపించింది మాత్రం ఒక్క సూదే.

తినకపోతే నోరు తెరిచి పోసెయ్యమనే సలహా గురించి నేను మాట్లాడను. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఎవరు చూస్తారు, పిన్ని వస్తుందా?

డాక్టర్లు తక్కువ తిన్నారా అంటే అదీ లేదు. ఇప్పుడున్న డాక్టరు దొరకడానికి ముందు ఒకాయన దగ్గరకు వెళ్ళాం. పేరు చెప్పను. రిపోర్టు చూసి, "వయసైపోయిందమ్మా, ఇక చేసేదేం లేదు" అని ఫైలు నా వైపు నెట్టాడు. చేసేదేం లేదా? నేను పైన రాసిందంతా ఏమిటి మరి? నయం చేయడం కుదరదని చెప్పడం వేరు, చేసేదేం లేదని చెప్పడం వేరు. 2016లో అమెరికన్ యానిమల్ హాస్పిటల్ అసోసియేషన్, ఆ హాస్పిస్ సంఘం కలిసి జంతువుల చివరి దశ సంరక్షణకు మార్గదర్శకాలు రాశాయి. నొప్పి, శుభ్రత, తిండి, ఇంట్లో ఏర్పాట్లు, అన్నీ ఉన్నాయి. చూసుకునే మనిషి పరిస్థితి కూడా పట్టించుకోవాలని ఉంది.

చూసుకునే మనిషి. ఆ మాట దగ్గరే నాకు మా అన్నయ్య గుర్తొచ్చాడు, బీపీ మళ్ళీ పెరిగింది.

పండుగాడిని ఇంటికి తెచ్చింది ఎవరనుకున్నారు? అన్నయ్యే. వానలో తడుస్తున్న కూనను చొక్కాలో పెట్టుకుని తెచ్చి, పేరు పెట్టి, ఫోటోలు దిగి, ఉద్యోగం వచ్చిందని బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయాడు. టీకాలు నేను, పురుగుల మందు నేను, ట్రే కడగడం నేను. వాడి ప్రొఫైల్‌లో మాత్రం ఇప్పటికీ 'క్యాట్ డాడ్' అని ఉంది! డాడ్ గారు వీడియో కాల్‌లో వచ్చి, "వాడు బాగా తగ్గిపోయాడే, సరిగ్గా చూస్తున్నావా?" అంటారు. తాతయ్య మంచాన పడ్డప్పుడూ ఇదే కథ. పక్క తిప్పింది నేను, పుండ్లు పడకుండా పౌడర్ రాసింది నేను. వాడు వారానికోసారి ఫోన్‌లో డాక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడాడు. చుట్టాలందరూ వాడెంత బాధ్యత గలవాడో అని మెచ్చుకున్నారు. అందులో ముందు వరసలో పిన్ని! నన్ను చూసి, "నీకేం, ఇంట్లోనే ఉంటావుగా" అంది. నేనూ ఉద్యోగం చేస్తాను పిన్నీ, లాప్‌టాప్ మీద. అది టీవీ కాదు. పిల్లికి బాగోలేదని సెలవు అడిగితే మేనేజరు నవ్వుతాడని కడుపునొప్పి అని చెప్పి తీసుకుంటున్నాను. అది వేరే పోస్ట్.

ఇక ఇంజెక్షన్ సంగతి. పిన్ని వెళ్తూ వెళ్తూ, "లేదంటే ఒక ఇంజెక్షన్ ఇప్పించెయ్, పీడా పోతుంది" అంది. పది నిమిషాల క్రితం సహజంగా పోవాలన్న నోటితోనే. ఎవరి పీడో చెప్పలేదు. నేను ఇంజెక్షన్‌కు వ్యతిరేకం కాదు, ఆ మాట డాక్టరుతో ఎప్పుడో మాట్లాడి పెట్టుకున్నాను. ఇంటికే వస్తానన్నారు. ముందు మత్తు ఇస్తారు, వాడు గాఢంగా నిద్రపోయాక పెంటోబార్బిటాల్ అనే మత్తుమందు ఎక్కువ మోతాదులో నరంలోకి ఎక్కిస్తారు, నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్ళు మూసుకోవనీ, ఆ తర్వాత కూడా ఒకటి రెండు ఊపిరులు తీసినట్టు కనిపించవచ్చనీ, అది బాధ కాదనీ ముందే చెప్పారు. మందు ఒంట్లో ఉండిపోతుంది కాబట్టి పూడిస్తే లోతుగా పూడ్చాలట, తవ్వి తిన్న జంతువు కూడా చచ్చిపోవచ్చట. ఇన్ని అడిగి తెలుసుకున్నదాన్ని నేను వదలలేక పట్టుకుని వేలాడుతున్నానట!

ఎప్పుడు అనేదే అసలు ప్రశ్న. దానికీ ఒక లెక్క ఉంది. ఆలిస్ విల్లలోబోస్ అనే వెటర్నరీ డాక్టర్ 2004లో జబ్బు జంతువు బతుకు ఎంత బాగుందో కొలిచే స్కేల్ ఒకటి తయారుచేశారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అన్నది. ఏడింటికీ పదేసి మార్కులు, ఎంత బాగుంటే అంత ఎక్కువ, మొత్తం 35 దాటితే ఇంకా చూసుకోవచ్చని అర్థం. రోజూ రాత్రి క్యాలెండర్ మీద రాస్తాను. ఆ అంకె కిందకు జారిన రోజు నేను పిన్నినీ అడగను, అన్నయ్యనూ అడగను.

రాసేలోపు క్యాట్ డాడ్ గారి మెసేజ్ వచ్చింది. పిన్ని అప్పుడే ఫోన్ చేసి చెప్పేసినట్టుంది. "పిన్నిని ఎందుకు బాధపెట్టావు? సరే, పండు ఫోటో ఒకటి మంచిది పంపు, స్టేటస్ పెట్టుకుంటా" అన్నాడు. ఇంకా కడగని సాండ్ ట్రే ఫోటో తీసి పంపాను. బ్లూ టిక్స్ పడ్డాయి, జవాబు లేదు.