మీరు రాలేదు, మీ బూడిద వచ్చింది

మహారాజశ్రీ క్యాంప్‌ఫైర్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి రాశాను. నిజానికి నేను కుశలంగా లేను. రెండుసార్లు తలస్నానం చేసినా కుడి చెవిలో ఇంకా బూడిద ఉంది. మీరు కుశలమో కాదో నాకు తెలిసే అవకాశం లేదు, ఎందుకంటే నిన్న రాత్రి మీరు అసలు రాలేదు.

వస్తారనే చెప్పారు. మా అమ్మాయి వేసవి క్యాంపు వాళ్ళు పంపిన ఈమెయిల్ నా దగ్గర భద్రంగా ఉంది. "ముగింపు క్యాంప్‌ఫైర్ శుక్రవారం రాత్రి సరిగ్గా 7.30కి. తల్లిదండ్రులకు స్వాగతం. జాకెట్, టార్చి, దోమల మందు తెచ్చుకోండి." పక్కన మీ బొమ్మ కూడా వేశారు. ఆ బొమ్మని నమ్ముకుని ఆఫీసులో తలనొప్పి అని అబద్ధం చెప్పి, మూడు గంటలు ప్రయాణం చేసి, చివరి ఎనిమిది మైళ్ళూ సిగ్నల్ లేని మట్టిరోడ్డు మీద ఒళ్ళు హూనం చేసుకుని వచ్చాం. గేటు దగ్గరే అనుమానం రావాల్సింది. అక్కడ కార్చిచ్చు ప్రమాదం ఎంతుందో చూపించే, టోపీ పెట్టుకున్న స్మోకీ ఎలుగుబంటి బోర్డు ఉంటుంది చూడండి, దాని మీద ముల్లు ఎర్రరంగులోకి పోయి ఆగిపోయింది. మా ఆయన కారు నెమ్మది చేసి, "మంట ఉంటుందంటావా?" అన్నారు. "ఈమెయిల్‌లో రాశారు కదా" అన్నాను. ఈమెయిల్‌ని నమ్మే వయసా నాది!

ఒకటి మాత్రం ముందే చెప్పేస్తాను. ఆగస్టు నెలలో కాలిఫోర్నియా అడవిలో మంట పెట్టొద్దన్నవాళ్ళని నేను పల్లెత్తు మాట అనను. 2018 నవంబరులో పారడైజ్ ఊరిని కాల్చేసిన కార్చిచ్చుకి పెట్టిన పేరు క్యాంప్ ఫైర్. అది కరెంటు లైను వల్ల పుట్టింది. అందులో మీ ప్రమేయం ఏమీ లేదు, దగ్గర్లో ఉన్న క్యాంప్ క్రీక్ రోడ్డు పేరు దానికి పెట్టారంతే. కానీ 85 మంది పోయారు. ఈ రాష్ట్రంలో ఉండేవాళ్ళకి మీ పేరు వినగానే ముందు గుర్తొచ్చేది అదే. కాబట్టి మీరు సెలవు పెట్టడం న్యాయమే. నా గొడవంతా మీ బదులు డ్యూటీకి వచ్చినదాని గురించి.

రాళ్ళ వలయం మధ్యలో దుంగలు ఎప్పటిలాగే గూడు కట్టినట్టు పద్ధతిగా పేర్చి ఉన్నాయి. వాటి మధ్యలో నారింజ రంగు టిష్యూ కాగితం కుచ్చులు, కుచ్చుల కింద బ్యాటరీ దీపాలు, దీపాల పక్కన ఒక చిన్న ఫ్యాన్. ఫ్యాన్ తిరిగితే కాగితం రెపరెపలాడి మీలా కనిపించాలని వాళ్ళ ఆశ. ఎవరి పుట్టినరోజుకో కట్టి, మర్నాడు విప్పడం మర్చిపోయిన అలంకరణలా ఉంది.

"ఈసారి మంట లేదు, నాలుగు పాటలు పాడుకుని పడుకుందాం" అని ఉంటే నేను కూడా చప్పట్లు కొట్టేదాన్ని. అలా ఎందుకంటారు? మీరు లేకపోయినా మీకు చేసే మర్యాదల్లో ఒక్కటీ తగ్గించలేదు. చివరి మలుపు నుంచి అందరం నోరు మూసుకుని వరసగా నడవాలి, మీ సన్నిధిలోకి వస్తున్నాం కాబట్టి. నడిచాం. క్యాంపు డైరెక్టర్ గారు రెండు చేతులూ పైకెత్తి "ఓ అగ్నీ, మేలుకో!" అన్నారు. పోయినేడాది ఇదే చోట, ఇదే మాటకి మీరు ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే భగ్గుమన్నారు. పిల్లలంతా నోళ్ళు తెరిచారు. గ్లిజరిన్ వెళ్ళి పొటాషియం పర్మాంగనేట్ మీద పడితే కాసేపటికి దానంతటదే అంటుకుంటుందని కాలేజీ కెమిస్ట్రీ గుర్తున్న నేను మాత్రం, ఎందుకులే అని మీ గుట్టు కాపాడాను. నిన్న "ఓ అగ్నీ" అన్నారు, ఏమీ లేదు. మళ్ళీ అన్నారు. వెనకాల, క్యాంపులో పిల్లల్ని చూసుకునే ఒక కౌన్సిలర్ కుర్రాడు రిమోట్‌ని అరచేతికేసి కొడుతున్నాడు. మూడోసారి అన్నాక ఇంకొకరి తలకున్న లైటు ఊడదీసి, అందులో బ్యాటరీలు తీసి రిమోట్‌లో వేశారు. అప్పుడు మేలుకుంది అగ్ని. గుర్రుమంటూ.

వెంటనే జాగ్రత్తలు చదివారు. మంటకి మూడడుగుల దూరంలో ఉండాలట. మంట చుట్టూ పరిగెత్తకూడదట. పక్కన నీళ్ళ బకెట్, పార. ఎవరి తమ్ముడో, ఆరేళ్ళుంటాయి, "అది కాగితం కదా?" అని గట్టిగానే అడిగాడు. వాళ్ళమ్మ వాడి నోరు మూసింది. వాడి తరఫున కూడా ఈ ఉత్తరం రాస్తున్నాననుకోండి.

ఇక బూడిద సంగతి.

ఈ ఆచారం మీకు తెలియనిదా, మీ వంశానిదే కదా. ప్రతి మంటలోనూ పాత మంటల బూడిద కాస్త కలపడం, తెల్లారి చల్లారాక మళ్ళీ కాస్త తీసి దాచుకోవడం. స్కౌట్లలో ఇది బాగా ఉంది. స్కౌట్లని మొదలుపెట్టిన బేడెన్ పవెల్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పెట్టిన మొదటి క్యాంపు మంట దాకా తమ బూడిద వంశవృక్షం వెళ్తుందని చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. మనుషులకి తాతగారి తండ్రి పేరే గుర్తుండదు, బూడిదకి మాత్రం గోత్రం, ప్రవర అన్నీ ఉన్నాయి. డైరెక్టర్ గారు ఒక రేకు డబ్బా పట్టుకుని ముందుకొచ్చి, ఏ ఏడు ఏ మంట నుంచి వచ్చిందో ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టారు. చదివి, మూత తీసి, వంగి, ఎన్నో ఏళ్ళ బూడిదని గుప్పెడు తీసుకుని ఎంతో భక్తిగా మంటలో వేశారు.

మంటలో ఫ్యాన్ ఉంది.

ముందు వరసలో కూర్చుంటే బాగా కనిపిస్తుందని మా ఆయనే నన్ను లాక్కొచ్చి కూర్చోబెట్టారు. బాగానే కనిపించింది. తెల్లగా, పొగమంచులా, మెల్లగా లేచి, తిన్నగా మా వైపే వచ్చింది. నేను అప్పుడే పాటకి నోరు తెరిచి ఉన్నాను. బూడిద రుచి ఎవరూ ఎక్కడా రాయలేదు కాబట్టి నేను రాస్తాను: కాస్త ఉప్పగా, కాస్త సబ్బులా ఉంటుంది, పళ్ళ కింద సన్నటి ఇసకలా కరకరలాడుతుంది. కళ్ళజోడు మీద పొర కట్టింది. తుడిస్తే గీతలు పడ్డాయి. మా ఆయన అరచేత్తో నుదురు అడ్డంగా తుడుచుకున్నారు, మూడు వేళ్ళ చారలు పడి అచ్చం విభూతి పెట్టుకున్నట్టే ఉన్నారు. అది కూడా కార్యక్రమంలో భాగం అనుకున్నారేమో, పక్కనున్న దంపతులు కూడా వేళ్ళతో నుదుటికి పూసుకున్నారు. వాళ్ళ వెనక వాళ్ళూ పూసుకున్నారు. డైరెక్టర్ గారు ఒక్క క్షణం తడబడి, తేరుకుని, "చూశారా, పాత మంటలు మిమ్మల్ని ఎంచుకున్నాయి!" అన్నారు. చప్పట్లు.

చప్పట్లు! నేను దగ్గుతున్నాను, వాళ్ళు చప్పట్లు కొడుతున్నారు.

ఇంకా మీరు, గారు ఏమిటి? నీ వాళ్ళ బూడిద తిన్నదాన్ని, ఇక నువ్వు అనే అంటాను. ఎక్కడున్నావు నువ్వప్పుడు? నువ్వు ఉంటే ఆ బూడిద నీలో పడి ఎవరికీ తెలియకుండా కలిసిపోయేది. పొగ వచ్చేది, ఒప్పుకుంటాను, ఏ పక్కకి జరిగినా నా కళ్ళలోకే వచ్చేది, ఏటా వస్తుంది. పొగకి నేను అలవాటు పడ్డాను. బూడిదకి పడలేదు. బూడిదలో పోసిన పన్నీరు అంటారు. నా లీవు, నా పెట్రోలు, నా నడుము, అన్నీ పోశాను. పోసిన బూడిదేమో నా నోట్లోకే వచ్చింది. ఇదంతా అయ్యాక పిల్లలు వరసలో నిలబడ్డారు, "ఈ రాత్రి మంట" తాలూకు బూడిద తలా చిటికెడు ఇంటికి తీసుకెళ్ళాలి కదా. బూడిద ఎక్కడుంది? నా తలలో ఉంది. పిల్లలకి తలా ఒక నారింజ కాగితం ముక్క చింపి ఇచ్చారు.

ఇంకో సంగతి, నీ విలువ నాకు ఇలా తెలుస్తుందనుకోలేదు: అక్కడ గడియారం నువ్వే. నువ్వు ఎగిసిపడుతున్నప్పుడు గెంతులు, అరుపులు, ఒకరు అంటే అందరూ తిరిగి అనే పాటలు. నువ్వు తగ్గుతుంటే కథలు. నిప్పులు మిగిలాక మెల్లటి పాటలు, ఆవలింతలు, నిద్ర. నిన్నటి కాగితం తగ్గదు కదా. 8కి ఎంత ఎగిసిందో 9.30కీ అంతే ఎగిసింది. అందుకని గెంతే పాటలు అలా వస్తూనే ఉన్నాయి. ఏనుగు పాట, బస్సు పాట, మళ్ళీ ఏనుగు. కనిపించని బెంచీ మీద కూర్చునే నాటిక వేశారు, కనిపించని మంట ముందు. గడ్డం కింద టార్చి పెట్టుకుని చెప్పే చెరువు దెయ్యం కథలో దెయ్యానికి ఈ ఏడాది కూడా పెళ్ళి కాలేదు.

కుంబయా పాడేటప్పుడు మాత్రం నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. అది 1926లో అమెరికాలోని జార్జియాలో, జానపద పాటలు సేకరించే రాబర్ట్ గార్డన్ మైనపు సిలిండర్ మీదికి రికార్డు చేసుకున్న పాట. నల్లజాతివాళ్ళు కష్టంలో ఉన్నప్పుడు "ఇటు రా, స్వామీ" అని దేవుణ్ణి పిలుచుకున్న ప్రార్థన. ఎనభై మందిమి చేతులు పట్టుకుని, ఊగుతూ, రమ్మని రమ్మని ఫ్యాన్‌ని పిలిచాం. నిప్పు లేనిదే పొగ రాదంటారు. పాటలకి అలాంటి పట్టింపేమీ లేదని తేలింది.

స్మోర్స్ గురించి క్లుప్తంగా. అంటే మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయిని కాల్చి, చాక్లెట్‌తో కలిపి రెండు బిస్కట్ల మధ్య పెట్టుకుని తినేది. 1927లో గర్ల్ స్కౌట్స్ అచ్చువేసిన పద్ధతిలో మార్ష్‌మాలోని నిప్పుల మీద కాల్చాలని ఉంది. తింటే "ఇంకాస్త" అనిపించినా నిజానికి ఒక్కటి చాలు అని కూడా అందులోనే రాశారు, బుద్ధిమంతులు. నిన్న డైనింగ్ హాల్లో మైక్రోవేవ్‌లో పెట్టి తెచ్చారు. లోపల పూరీలా పొంగిందట, మా చేతికి వచ్చేసరికి చప్పబడి బిస్కట్‌కి బంకలా అంటుకుంది. ఎర్రగా కాలడం, పైపొర కరకరలాడడం, కర్ర మీద నుంచి జారి నీలో పడితే పిల్లలు గోల పెట్టడం, ఇవేవీ మైక్రోవేవ్‌కి రావు. జెలటిన్ లేని శాకాహారపు ప్యాకెట్ మా అమ్మాయి కోసం వేరే పంపాం, అది ఎక్కడికి పోయిందో దాని గురించి వేరే ఉత్తరం రాయాలి.

నిన్ను ఆర్పే తంతు కూడా వదల్లేదు. నీళ్ళు పోయాలి, కలపాలి, మళ్ళీ పోయాలి, చివరికి చెయ్యి దగ్గర పెట్టి వేడి పోయిందో లేదో చూడాలి, అప్పుడే కదలాలి. ఫ్యాన్ ఉంది కాబట్టి నీళ్ళు మానేశారు. కానీ ఒక కౌన్సిలర్ అమ్మాయి, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, మోకాళ్ళ మీద కూర్చుని చేతి వెనక భాగాన్ని ఆ కాగితం దగ్గర పెట్టి, చాలా సీరియస్‌గా తల ఊపి, "చల్లగా ఉంది" అని ప్రకటించింది. నేను అప్పటికి కోపం పడే ఓపిక కూడా లేకుండా ఉన్నాను. ఆ పిల్ల ముఖం చూస్తే నవ్వొచ్చింది.

స్విచ్ ఆపేశారు. కటిక చీకటి. ఫ్యాన్ ఆగాక తెలిసింది, రెండు గంటలుగా పక్కన వాగు పారుతోందని. పైన చుక్కలు అన్నేసి ఉన్నాయని. పిల్లలు పాట ఆపలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు, సైగ చెయ్యడానికి నిప్పులు లేవు. పాడేవాళ్ళు పాడుతూనే, ఒక్కొక్క గొంతే తగ్గుతూ వచ్చింది. నువ్వు తగ్గే పద్ధతిలోనే, నిజం చెప్పొద్దూ. చీకట్లో ఎవరో వచ్చి నా భుజం మీద తల పెట్టారు. దోమల మందు వాసనని బట్టి మా అమ్మాయే. "బాగుంది కదమ్మా" అంది.

"బాగుంది" అన్నాను. పళ్ళ మధ్య నుంచి.

ఇట్లు,
ముందు వరసలో, ఎడమ నుంచి మూడో మనిషి

తా.క.: పొద్దున ఉతకడానికి బట్టలు తీస్తే ఒక్కదానికీ పొగ వాసన లేదు. వారం రోజులు క్యాంపులో ఉన్న బట్టలంటే ఎవరూ నమ్మరు. జీన్స్ జేబులో నారింజ కాగితం ముక్క దొరికింది, మూలకి స్కెచ్ పెన్నుతో ఏడాది వేసి ఉంది. పారేయబోతుంటే అమ్మాయి పరిగెత్తుకొచ్చి, పోయినేడాది నీ బూడిద దాచుకున్న సీసా పక్కన పెట్టమంది. పెట్టాను. వచ్చే ఏడాది వస్తావో రావో నీ ఇష్టం, వానల ఇష్టం. నేను మాత్రం వెనక వరసలో కూర్చుంటాను.