కిలో ఎనభై అయిదు వేలు

మా బావమరిది డాలస్ దగ్గర ఉంటాడు. అక్కడ అతను ఏ వస్తువు కొనాలన్నా ముందు బెంగళూరు మారతహళ్ళిలో ఉన్న నన్ను అడుగుతాడు. ఎయిర్ ఫ్రయర్, ఇల్లు తుడిచే రోబో, గడ్డి కోసే మిషను, ఇవన్నీ నేను ఇక్కడ మూడో అంతస్తులో కూర్చుని ఓకే చేసినవే. నాకు గడ్డీ లేదు, అది మొలవడానికి చోటూ లేదు. సలహా చెప్పడానికి అనుభవం ఉండాలని రూలు పెడితే మన తెలుగువాళ్ళు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ గురించి నోరు విప్పలేరు.

పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే ఫోటో పంపాడు. గాజు బల్ల మీద నల్లటి పిస్తోలు. సైజు తెలియాలని పక్కన తన చెయ్యి పెట్టాడు. పిస్తోలు సంగతేమో గానీ చెయ్యి మాత్రం చిన్నపిల్లాడిదిలా కనిపించింది. కింద రాశాడు: "బావగారూ, డెజర్ట్ ఈగిల్, .50 క్యాలిబర్. రెండు వేల డాలర్లు చెబుతున్నాడు. తీసుకోవచ్చంటారా?"

తుపాకుల గురించి నాకు తెలిసిందల్లా సినిమాల్లో చూసిందే. అయితే "నాకు తెలియదు" అనే మాట మా వంశంలో ఎవరూ అన్న దాఖలా లేదు. ఆదివారం సాయంత్రానికల్లా తేల్చి చెబుతానన్నాను.

ముందు అర్హత సంగతి. మావాడు హెచ్-1బి వీసా మీద ఉన్నాడు, పదకొండేళ్ళుగా గ్రీన్ కార్డు వరుసలో నిలబడ్డాడు. అలాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనకూడదని అమెరికా కేంద్ర చట్టం. అక్కడితో కథ అయిపోవాలి. కానీ ఆ చట్టంలోనే ఒక సందు ఉంది: చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. అంటే ఆ దేశంలో స్థిరపడే అనుమతికి మావాడి జుట్టు నెరవాలి, వేటాడే అనుమతికి మాత్రం ఆటల సామాన్ల దుకాణం దాకా వెళ్తే చాలు. కాకపోతే టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటగాళ్ళ పాఠం ఒకటి చదివి పాసవ్వాలి. మావాడు నూటికి తొంభై ఆరు తెచ్చుకున్నాడు. పక్కింట్లో ఆమ్లెట్ వేస్తే కిటికీ మూసే మనిషి, కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి, ఇప్పుడు టెక్సాస్ రాష్ట్రం గుర్తించిన వేటగాడు. ఆ నాలుగు మార్కులు ఎక్కడ పోయాయని మా మామగారు ఫోన్‌లో అడిగారు.

తర్వాత బరువు. ఆరంగుళాల గొట్టం ఉన్న డెజర్ట్ ఈగిల్ తూటాలు లేకుండానే దాదాపు రెండు కిలోలు. రెండు కిలోలంటే చదవడానికి తేలికే, పట్టుకుంటే ఎలా ఉంటుందో తెలియాలి కదా. మా ఇంట్లో కొలతకు దొరికేవి నందిని పాల ప్యాకెట్లు. అర లీటరువి నాలుగు క్యారీ బ్యాగులో వేసి, ముడి వేసి, వంటింట్లో నిలబడి చెయ్యి బారుగా చాపాను. (మధ్యలో కొన్నాళ్ళు ప్యాకెట్టుకి 550 మిల్లీలీటర్లు పోశారు. ఆ రోజుల్లో ఈ పరీక్ష చేసుంటే లెక్క తప్పేది.) గురి ఫ్రిజ్ మీద అతికించిన గ్యాస్ ఏజెన్సీ క్యాలెండర్, అందులో ఏకాదశి. ఇరవై సెకన్ల దాకా ఏకాదశి మీదే ఉన్నాను. ముప్ఫైకి ద్వాదశికి జారాను. నలభై దాటేసరికి పౌర్ణమి కూడా పోయి వచ్చే నెలలో ఉన్నాను.

అప్పుడే మా ఆవిడ వచ్చింది.

"ఏం చేస్తున్నారండీ?"

"మీ తమ్ముడి పని."

"వాడికి పాలు పంపిస్తున్నారా?"

విషయం చెప్పాను. తను ఆ సంచీ నా చేతిలోంచి తీసుకుని, రెండు చేతులతో పట్టుకుంటారటగా అంది. నిజమే, ఇంత బరువైనదాన్ని ఒంటిచేత్తో కాల్చేది సినిమాల్లోనే. పైగా ఈ పిస్తోలుకి ఇంకో గుణం ఉంది. మామూలు పిస్తోలు పేలినప్పుడు వెనక్కి తన్నే ఊపుతోనే తర్వాతి తూటా ఎక్కించుకుంటుంది. ఇది మాత్రం రైఫిల్ తరహాలో గొట్టంలోంచి కాస్త గ్యాసు పక్కకి మళ్ళించుకుని ఆ పని చేస్తుంది. మణికట్టు వదులుగా ఉందంటే మధ్యలో ఇరుక్కుని మొరాయిస్తుంది. ఒట్టి సీసపు గుండ్లు వాడొద్దని తయారీదార్లే చెబుతారు, సీసం ఆ గ్యాసు దారిలో పేరుకుపోతుందట.

"మన చిమ్నీ లాగన్నమాట," అంది మా ఆవిడ. సాంకేతిక విషయాలు నాకన్నా తనకే తొందరగా అర్థమవుతాయి.

ఇంత పెద్దది ఎందుకు చేశారో కూడా చూశాను. డెజర్ట్ ఈగిల్ ఆలోచన మిన్నెసోటాలో 1979లో మొదలైన ఒక కంపెనీది. తయారీ చాలాకాలం ఇజ్రాయెల్‌లో జరిగింది. ఏ దేశపు సైన్యమూ దీన్ని తన సైనికులందరికీ పంచలేదు, సినిమావాళ్ళు మాత్రం పంచుకున్నారు. .50 తూటా, అంటే అర అంగుళం లావుది, 1988 నాటిది. అమెరికాలో 1934 చట్టానికి 1968లో చేసిన సవరణ ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం దాటితే దాన్ని మామూలు తుపాకీ అనరు, విధ్వంసక పరికరం అంటారు, దాని దారి వేరు. మొదట అనుకున్న గుండు ఆ గీతను వెంట్రుకవాసి దాటుతోందని .510 అంగుళాల నుంచి .500 కి తగ్గించారు. అంటే ఈ పిస్తోలు ఇంత లావు ఉండడానికి కారణం అవసరం కాదు, చట్టం అక్కడ ఆపమంది కాబట్టి అక్కడ ఆగింది. ఇది చదివి నాకు ముచ్చటేసింది. మా వీధిలో 30×40 సైటు వాళ్ళెవరూ గీత దగ్గర ఆగలేదు. రోడ్డు మీదికి మూడడుగుల బాల్కనీ దింపి, అక్రమ కట్టడాల్ని సక్రమం చేసే అక్రమ-సక్రమ పథకం ఎప్పుడొస్తుందా అని దానిలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

ఇక ధర. ఇక్కడే మా అత్తగారు రంగంలోకి దిగారు. ఆవిడ మా దగ్గరే ఉంటారు. కొడుకు రెండు వేల డాలర్లు పెడుతున్నాడంటే కంగారు పడతారేమో అనుకున్నాను.

"మన డబ్బుల్లో ఎంతండీ అల్లుడుగారూ?"

"డాలరు ఎనభై అయిదు వేసుకుంటే లక్షా డెబ్భై వేలండీ."

"ఇక్కడ దొరకదా?"

అది మంచి ప్రశ్న. ఇక్కడ దొరకదు. మామూలు మనిషి విదేశీ తుపాకీ తెప్పించుకునే దారి 1980ల మధ్యలోనే మూసేశారు. ఇక్కడ దొరికేది ఎక్కువగా మన దేశంలో తయారైన సరుకు. 2014లో కాన్పూర్‌ ప్రభుత్వ కార్ఖానావాళ్ళు ఆడవాళ్ళ కోసమని నిర్భీక్ అనే .32 రివాల్వర్ తెచ్చారు. బరువు అరకిలో, ధర అప్పట్లోనే లక్షా ఇరవై వేల పైమాట. ఆడవాళ్ళ భద్రతకి అది ఎలా పనికొచ్చిందో గానీ, అంత డబ్బు పెట్టగల ఆడవాళ్ళకి మాత్రం బాగుంటుంది.

అత్తగారు కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్క కట్టారు. "అరకిలో లక్షా ఇరవై అంటే కిలో రెండు లక్షల నలభై. మనవాడిది రెండు కిలోలు లక్షా డెబ్భై, అంటే కిలో ఎనభై అయిదు వేలు. మూడో వంతు ధరకి వస్తుంటే ఇంకా ఆలోచిస్తారేంటి?"

నేను ముప్ఫై ఏళ్ళుగా బ్యాలెన్స్ షీట్లు చూస్తున్నాను. దీనికి జవాబు తట్టలేదు.

ఆవిడ అక్కడితో ఆగలేదు. గుండు ఎంత ఉంటుందన్నారు. మామూలు రకం 300 గ్రెయిన్లు, అంటే పంతొమ్మిది గ్రాముల పైచిలుకు అన్నాను. "రెండు తులాలకి కాస్త తక్కువ" అని తల ఊపారు. ఒక్కో తూటాకి రెండు డాలర్లు అటూఇటూ అవుతుందనీ, మ్యాగజైన్‌లో ఏడు పడతాయనీ చెప్పాను. ఏడూ పేల్చడానికి పది సెకన్లు పట్టదు, పన్నెండు వందల రూపాయలు పోతాయి. ఆ డబ్బుతో మా సందు చివర ఆంధ్రా మెస్సులో ముగ్గురు పప్పు, పొడి, నెయ్యి, రెండోసారి సాంబారుతో గంటసేపు తినొచ్చు. "అయితే పేల్చకుండా పెట్టుకోమనండి" అన్నారు. ఆవిడ వెండి కంచాలు కూడా అలాగే ఉన్నాయి, 1983 నుంచి.

ఇదంతా విని నాకూ ఒకటి ఉంటే బాగుండుననిపించింది, అబద్ధమెందుకు. బెంగళూరులో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్. ఇన్‌ఫాంట్రీ రోడ్డుకి వెళ్ళాలి, ఫారం నింపాలి, సురక్షితంగా పట్టుకోవడం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ చూపించాలి, డాక్టరు మన మనసు స్థిమితంగా ఉందని రాసివ్వాలి. ఆ రోజు ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వెళ్ళినవాడికి డాక్టరు అలా రాస్తాడని నేననుకోను. ఇన్నీ దాటాక ఎందుకు కావాలో చెప్పమంటారు. మా ఏరియాలో నన్ను బెదిరించేది నీళ్ళ ట్యాంకర్ ఒక్కటే. అది వెనక్కి వచ్చేటప్పుడు దాన్ని ఆపే తుపాకీ ఇంకా తయారు కాలేదు. సరే, ఎలాగో వచ్చిందనుకోండి, ఎన్నికల కోడ్ రాగానే తుపాకీని ఠాణాలో అప్పజెప్పమంటారు. మన రక్షణ కోసం కొన్నదాన్ని పోలీసులు రక్షిస్తారు. అప్పుడు మనల్ని ఎవరు రక్షిస్తారన్నది ఫారంలో ఉండదు.

మా ఆఫీసులో కొడగు నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. కొడవలకి ఆయుధ చట్టంలో లైసెన్సు అక్కర్లేకుండా మినహాయింపు ఉంది. కైల్‌పోద్ పండగకి తుపాకుల్ని పూలతో అలంకరించి పూజ చేస్తారు. ఇంట్లో మగపిల్లాడు పుడితే ఒకసారి, ఎవరైనా పోతే రెండుసార్లు గాల్లోకి పేల్చడం వాళ్ళ ఆచారం. తుపాకీ మీద మాట చెల్లే మనిషి ఆ అంతస్తులో ఆయనొక్కడే కాబట్టి ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు. "దీనితో ఏం చేస్తారు?" అన్నాడు. అడవిపంది అన్నాను. తన తాతగారి జోడు గొట్టాల తుపాకీ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పినంతసేపూ ఆ ఫోటో వైపు మళ్ళీ చూడలేదు. నాకు కాస్త అవమానంగా అనిపించింది, కొన్నది నేను కాకపోయినా.

ఆదివారం సాయంత్రం వీడియో కాల్ చేశాను. కళ్ళద్దాలు సర్దుకుని తీర్పు మొదలుపెట్టాను. "చూడవోయ్, అవసరానికి మించిన సైజు. నడిపే ఖర్చు ఎక్కువ. రోజూ వెంట తీసుకెళ్ళేది కాదు. ఎవరైనా వచ్చినప్పుడు చూపించడానికి తప్ప..."

"బావగారూ," అన్నాడు మావాడు, చాలా మర్యాదగా, "మీ బండి ఎలా ఉంది?"

నా బండి ఏడు సీట్లది. అత్తగారితో కలిపి ఇంట్లో నలుగురం. బరువు రెండు టన్నులకు దగ్గర. ఘాట్ రోడ్డు మీద దాని సత్తా చూడాలని కొన్నాను. మారతహళ్ళి బ్రిడ్జి కింద రెండో గేరు వరకు చూడగలిగాను. ఆఫీసుకి బస్సులో వెళ్తాను. శనివారం శనివారం బేస్‌మెంట్‌లోకి దిగి, స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఏసీ వేసుకుని కూర్చుని, బ్యాటరీ దిగిపోదన్న ధైర్యంతో పైకొస్తాను. కొనే ముందు మావాడు నన్ను ఒక్క మాట అడగలేదు. "కలర్ బాగుంది బావగారూ" అన్నాడంతే.

"బాగానే ఉంది," అన్నాను.

"నేనూ నెలకోసారి రేంజ్‌కి తీసుకెళ్ళి ఏడు పేల్చుకొస్తానండీ. దీనికి బ్యాటరీ కూడా ఉండదు."

తీసుకోమన్నాను. ఇంకేమనగలను?

తీసుకున్నాడు. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కాబట్టి తాళం వేసి దాచడానికి అడుగున్నర ఎత్తు ఇనప్పెట్టె కూడా కొన్నాడు. అది వచ్చిన రోజే వాళ్ళావిడ అందులో ముందు ఐ-797 వీసా కాగితాలు పెట్టింది, తర్వాత పాస్‌పోర్టులు, తర్వాత పెళ్ళినాటి బంగారం, వంకీ డబ్బా, పిల్ల మురుగులు. వేట లైసెన్సు కూడా పట్టింది. పిస్తోలు పొడవు పదిన్నర అంగుళాల పైన, అడ్డంగా పెడితే తలుపు పడటం లేదట, నిలువుగా పెడితే వడ్డాణం వంగుతోందట. వడ్డాణం తీసే ప్రసక్తి లేదు. ప్రస్తుతానికి పిస్తోలు దుకాణంవాడిచ్చిన ప్లాస్టిక్ పెట్టెలోనే, దానికో తాళం, పెట్టెకో తాళంతో, కారు గ్యారేజీలో అటక మీద ఉంది. వేట ఇంకా మొదలవలేదు.

నిన్న రాత్రి ఇంకో ఫోటో వచ్చింది. మనిషెత్తు ఇనప్పెట్టె, మూడు వందల కిలోలు. "బావగారూ, తీసుకోవచ్చంటారా?"

అత్తగారు అప్పటికే నా భుజం మీంచి చూస్తున్నారు. "కిలో ఎంత పడుతుందో కనుక్కోండి," అన్నారు.