ట్రైగ్లిజరైడ్స్ రిపోర్టు చూసి మందులు ఆపేయమంటున్న ఆ మెసేజ్ గురించి

"ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువని డాక్టర్ భయపెట్టారా? ల్యాబులు కొలిచేది కొవ్వుని కాదు, గ్లిసరాల్‌ని. ఒక ఎంజైమ్ లోపం వల్ల అంకె తప్పుగా పెరుగుతుంది. ఆ లోపం చాలామందికి ఉంది, దానివల్ల ఏ హానీ లేదు. నీళ్లు బాగా తాగండి, మందులు ఆపేయండి, పదిమందికీ పంపండి." దీన్ని మళ్లీ మళ్లీ నాకు పంపుతున్నవాళ్లు బాగా చదువుకున్న స్నేహితులే. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటి మాట నిజమే, ఒప్పుకుంటాను. సీరమ్‌లో, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవంలో, లైపేజ్ అనే ఎంజైమ్ కలిపితే ట్రైగ్లిజరైడ్ విడిపోయి అందులో భాగమైన గ్లిసరాల్ బయటికొస్తుంది. దానిమీద రీఏజెంట్‌లోని (పరీక్షకు కలిపే ద్రావణంలోని) గ్లిసరాల్ కైనేజ్ అనే ఇంకో ఎంజైమ్ పనిచేస్తుంది, చివరికి రంగు వస్తుంది. ఆ రంగు చిక్కదనమే మన చేతికొచ్చే అంకె. రక్తంలో ముందే విడిగా ఉన్న గ్లిసరాల్ కూడా ఆ లెక్కలో చేరిపోతుంది. కానీ మామూలు మనిషిలో దానివల్ల పెరిగేది డెసిలీటరుకు 10 మిల్లీగ్రాములు, కాస్త అటూ ఇటూ. 350 కాస్తా 340 అయితే ఏం ఒరిగింది?

చాలామందికి ఉందా? లేదు. మెసేజ్ చెప్పే లోపం ఇదీ: శరీరంలో ఆ గ్లిసరాల్ కైనేజే లోపిస్తే గ్లిసరాల్ రక్తంలో పేరుకుపోయి అంకె పెరుగుతుంది. అలా జరగడం చాలా అరుదు. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి దాదాపుగా మగవాళ్లలోనే బయటపడుతుంది. అసలు ఆ మెసేజ్ నాకు పంపినవాళ్లలో సగం మంది ఆడవాళ్లు!

నీళ్ల సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. ఈ లోపం ఉన్నవాళ్లకు గ్లిసరాల్ ఎలాగూ మూత్రంలో పోతూనే ఉంటుంది, అయినా రక్తంలో తగ్గదు.

ఇక "మందులు ఆపేయండి". ఇది రాసినవాళ్లకు పాంక్రియాటైటిస్ అంటే ఏంటో తెలుసా? ట్రైగ్లిజరైడ్స్ నిజంగానే 1000 దాటితే క్లోమం వాచిపోవచ్చు. పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోతుంది, వాంతులు ఆగవు, ఐసీయూ దాకా వెళ్లాల్సి రావచ్చు, ప్రాణం పోవచ్చు కూడా. అలాంటి మనిషి ఈ నాలుగు లైన్లు చదివి మాత్రలు పక్కన పడేస్తే బాధ్యత ఎవరిది? పంపినవాళ్లొచ్చి ఆస్పత్రిలో పక్కన కూర్చుంటారా? అంకె నిజమో కాదో తెలుసుకోవడం అంత కష్టం కూడా కాదు. 800 నిజమైతే సీరమ్ పాలలా తెల్లగా, మసకగా ఉంటుంది. గ్లిసరాల్ వల్ల వచ్చిన 800 అయితే ట్యూబులో సీరమ్ అవతలి అక్షరాలు కనిపించేంత తేటగా ఉంటుంది. అలా తేటగా ఉంటే విడి గ్లిసరాల్‌ని మినహాయించి చేసే పరీక్ష అడగండి. మూత్రంలో గ్లిసరాల్ చూసినా తెలుస్తుంది.

"ఏ హానీ లేదు" అన్నది పెద్దవాళ్లలో బయటపడే రకానికి చాలావరకు సరిపోతుంది. పిల్లల విషయంలో మాత్రం ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది? కొందరికి జ్వరమొచ్చి తిండి మానేస్తే చాలు, వాంతులు, షుగర్ పడిపోవడం, స్పృహ తప్పడం. ఇంకొందరిలో పక్క జన్యువులు కూడా చెరిగిపోయి అడ్రినల్ గ్రంథి సరిగా ఎదగదు, డుషేన్ కండరాల జబ్బు కూడా తోడవుతుంది.

ఆ మెసేజ్ రాసినవాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు. ఈ లోపం ఎవరికీ తట్టక, అంకె ఎంతకీ దిగక, ఏళ్ల తరబడి ఫైబ్రేట్లు (ట్రైగ్లిజరైడ్స్ తగ్గించే మాత్రలు) మింగినవాళ్లు నిజంగానే ఉన్నారు. మందు అక్కర్లేదని వాళ్లకు చెప్పాల్సిందే, కానీ పరీక్ష చేసి డాక్టరే చెప్పాలి. ఆ తర్వాత కూడా ఇంకో పని మిగులుతుంది. చాలా రిపోర్టుల్లో ఎల్‌డీఎల్‌ని (చెడు కొలెస్ట్రాల్‌ని) నేరుగా కొలవరు, మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ని (మంచి కొలెస్ట్రాల్‌ని), ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతుని తీసేసి లెక్కకడతారు. అసలు 90 ఉన్నచోట 380 అని వస్తే 18 బదులు 76 తీసేస్తారు, ఎల్‌డీఎల్ 58 తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఆ లోపం నిజంగా ఉన్నవాళ్లు ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలిపించుకోవాలి.