థర్టీ ఆట్ సిక్సా, క్రీడ్‌మోరా?

ఉమ్మడి వరంగల్ జిల్లాలో తేలని సమస్యలు చాలానే ఉన్నాయి. మామునూరులో విమానం ఎప్పుడు దిగుతుంది? పెద్ద వాన పడ్డప్పుడల్లా హంటర్ రోడ్డు పక్క కాలనీలు ఎందుకు మునుగుతాయి? ఇవన్నీ చిల్లర సమస్యలని ఈ మధ్యే నాకు తెలిసొచ్చింది. మా పెద్దమనుషులకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని అసలు సమస్య వేరే ఉంది. దుప్పిని పడగొట్టడానికి .308 విన్చెస్టర్ తూటా మేలా, .30-06 (థర్టీ ఆట్ సిక్స్) స్ప్రింగ్‌ఫీల్డ్ తూటా మేలా?

దీని మీద అభిప్రాయం లేని మగవాడు, అందులోనూ నలభై దాటినవాడు, నాకు ఈ మధ్య ఒక్కడూ తగల్లేదు. రైఫిల్ ఉన్నవాడు తగలడం కూడా అరుదే, అది వేరే సంగతి. దావత్‌కు పోయినా అదే, పదకొండో రోజు భోజనాలకు పోయినా అదే. ఎవడో ఒకడు కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి అడుగుతాడు: "మీది ఏ క్యాలిబర్?" నాకు నా బ్లడ్ గ్రూపే సరిగ్గా గుర్తుండదు. తెలియదని చెబితే ఆ మనిషి చూసే చూపు ఉంటుంది చూడండి, ఆస్తి తగలేసి వచ్చినవాడిని కూడా అంత జాలిగా చూడరు.

దుప్పిని కొట్టడం నేరమని ఎవరైనా గుర్తు చేస్తే వాడు రసికుడు కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో సరదా వేటకు ఉన్న లైసెన్సుల తలుపు కూడా మూసుకుపోయింది. అంటే మూడు దశాబ్దాలు దాటింది. ఈ చర్చలో పాల్గొనేవాళ్లలో సగం మందికి అప్పటికి మీసాలు రాలేదు. కొట్టే జంతువు లేదు, కొట్టమనే అనుమతి లేదు, కొట్టే తుపాకీ లేదు. మిగిలింది అభిరుచి ఒక్కటే. అడ్డం వచ్చేది ఏదీ లేదు కాబట్టి అది ఏపుగా పెరిగింది.

అభిరుచి అంటే ఊరికే రాదు, దానికి అంకెలు కంఠతా రావాలి. ఆ అంకెల సంగతి చూద్దాం. పేరులోని అంకె అంగుళాల్లో గుండు వ్యాసమే అనుకుంటాం కదా. .270 విన్చెస్టర్‌లో గుండు వ్యాసం .277 అంగుళం. .303లో .311. పులుల వేటగాడు జిమ్ కార్బెట్ చేతిలో పడి పుణ్యం కట్టుకున్న .275 రిగ్బీ గుండు నిజానికి .284. అది జర్మనీవాళ్ల 7×57 మౌజరే, ఇంగ్లండ్ కంపెనీ తన పేరు తగిలించి అమ్ముకుంది. .30-06లో 06 అంటే 1906, అమెరికా సైన్యం దాన్ని తీసుకున్న ఏడాది. సరే, ఇదీ సంవత్సరమే కాబోలని .30-30 దగ్గరికి పోతే, అక్కడ రెండో 30 మొదట్లో అందులో పోసిన తుపాకీ మందు బరువు. వీటిలో ఒక్క అంకె కూడా తిన్నగా నిజం చెప్పదు. వీటిని నమ్ముకుని మావాళ్లు సొంత తమ్ముళ్లతో మాటలు మానేస్తున్నారు.

ఇక అసలు వైరం. .308కీ .30-06కీ గుండు వ్యాసం ఒక్కటే. మందు నింపే ఇత్తడి కేసు పొడుగు ఒకదానికి 51 మిల్లీమీటర్లు, రెండోదానికి 63. గుండు 150 గ్రెయిన్లనుకుందాం. అంటే పది గ్రాములకు కాస్త తక్కువ, తులం బంగారానికి కూడా తూగదు. దాన్ని మొదటిది సెకనుకు సుమారు 2,800 అడుగుల వేగంతో పంపితే, రెండోది సుమారు 2,900 అడుగుల వేగంతో పంపుతుంది. ఆ వంద అడుగుల తేడా దుప్పికి తెలియదు. హనుమకొండలో మాత్రం అందరికీ తెలుసు.

ఈ దేశంలో అభిరుచికి ఎంత చోటుందో కూడా చూడాలి. .303 సైన్యం, పోలీసులు వాడిన తూటా కాబట్టి మామూలు పౌరుడికి అది నిషిద్ధ బోరు. అందుకే బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ జనం కోసం .315 చేసి పెట్టింది. లైసెన్సు మీద ఎన్ని తూటాలు రాసి ఉంటే అన్నే. పెద్దమనిషి దుకాణానికి పోయి, కళ్లజోడు సర్దుకుని, "165 గ్రెయిన్లలో బాండెడ్ గుండ్లు ఏమున్నాయి?" అని అడుగుతాడు. దుకాణదారుడు రిజిస్టరులోంచి తల కూడా ఎత్తడు. "త్రీ ఫిఫ్టీన్ ఉంది. కావాల్నా, వద్దా?" అంటాడు. అభిరుచి అక్కడితో సరి.

మా చుట్టాల్లో ఒక పెద్దబాపు దగ్గర నిజంగానే ఆ .315 ఉంది. ఎన్నికల కోడ్ రాగానే అది పోలీసు స్టేషన్‌కు పోతుంది. అసెంబ్లీకి పోతుంది, పార్లమెంటుకు పోతుంది, పంచాయతీలకు పోతుంది. మన రాష్ట్రంలో ఎన్నికలకు కరువా? ఆ రైఫిల్ ఇంట్లో కన్నా స్టేషన్ బీరువాలోనే ఎక్కువ కాపురం చేసింది. తిరిగొచ్చినప్పుడు పెద్దమ్మ బొట్టు పెట్టి లోపలికి తీసుకుంటుంది, దసరాకు పూజ చేస్తుంది. అది పేలిన చప్పుడు ఆ ఇంట్లో మనవలెవరూ వినలేదు. ఆయన మాత్రం .315 తప్ప తక్కినవన్నీ పిప్పరమెంట్లంటాడు.

నాతో ఈ వ్యాసం రాయించింది మాత్రం ఆయన ఒక్కడే కాదు. హనుమకొండలో ఒక గృహప్రవేశం దావత్. మేడ మీద టెంటు, బగారా అన్నం, మటన్, పక్కన పెద్ద కూలర్. పెద్దబాపుకు ఎదురుగా మా బావ. టెక్సాస్‌లో సాఫ్ట్‌వేర్, బతుకమ్మకు వచ్చాడు. ఆయనది 6.5 క్రీడ్‌మోర్. ఆ తూటా 2007లో పుట్టింది. అంతకు ముందు మనుషులు వేట ఎట్లా చేశారో, చేసినా ఎట్లా బతికారో ఆయనకు అర్థం కాదు.

"బాలిస్టిక్ కోఎఫిషియెంట్ చూడాలె బామ్మర్దీ," అన్నాడు బావ. "గాలికి కొట్టుకపోదు. ఆరొందల గజాల దాక సాఫ్ సీదా పోతది." నేను నమ్మలేదనుకున్నాడేమో, కూలర్ హై మీద పెట్టించాడు. పిడికిట్లోకి బగారా అన్నం తీసుకుని దాని ముందు కొద్దికొద్దిగా వదిలాడు. మెతుకులన్నీ పోయి పెద్దబాపు ధోతి మీద పడ్డాయి. "చూసినవా, ఇది మీ త్రీ ఫిఫ్టీన్," అన్నాడు. తర్వాత ఒక లవంగం ఏరి వదిలాడు. అది కూడా పోయి ధోతి మీదే పడింది. "ఇది క్రీడ్‌మోర్. తేడా చూడు." పదిమందీ ఒంగి పెద్దబాపు ఒడిలోకి చూశారు. ఇద్దరు తేడా కనిపించిందన్నారు కూడా.

పెద్దబాపు ఊరుకుంటాడా? ప్లేట్లోంచి నల్లి బొక్క పైకెత్తాడు. "ఇది భుజం. నీ క్రీడ్‌మోర్ గీడ ఆగుతది. నాది గిట్ల వచ్చి గట్ల పోతది," అంటూ బొక్కలోకి చిటికెనవేలు దూర్చాడు. వేలు గిట్ల పోయింది గానీ గట్ల రాలేదు. దాన్ని వెనక్కి లాగుతుంటే ఒక పిల్లగాడు అందుకున్నాడు. ఇరవై రెండేళ్లుంటాయి, యూట్యూబ్‌లో పుట్టి పెరిగాడు. "తాతా, అడవి పందికి మినిమం .300 విన్ మ్యాగ్ ఉండాలె. అంతకు తక్కువైతే ఎథికల్ కాదు." ఈ నీతిమంతుడు జీవితంలో పట్టుకున్న అతి పెద్ద ఆయుధం మేడారం జాతరలో బెలూన్ బుగ్గలు కొట్టే గన్ను. అందులోనూ ఒక్క బుగ్గ పగిలినట్టు దాఖలా లేదు.

ఇంతలో వాసనకు ఒక కుక్క మెట్లెక్కి వచ్చింది. పదడుగుల దూరంలో నిలబడింది. కదలడం లేదు, పక్కకు తిరిగి భుజం కూడా చూపిస్తోంది. బావ బొక్క తీసుకుని, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి విసిరాడు. అది పోయి పెరుగు గిన్నెలో పడింది. కుక్క పెరుగు గిన్నె దగ్గరికి పోయి తన పని తాను చూసుకుంది. వంటవాడు తిట్టాడు. బావ చెక్కుచెదరలేదు. "కూలర్ హై మీద ఉన్నది కదా. గాలి లెక్క, విండేజ్, తీసుకోలే."

అప్పుడు అడిగాను, టెక్సాస్‌లో ఏం కొట్టావు బావా అని. తెల్లతోక జింకనట. ఎట్లా అంటే నిజాయితీగానే చెప్పాడు. లీజుకు తీసుకున్న పొలం. అందులో కాళ్ల మీద నిలబెట్టిన డబ్బా గది, లోపల కుర్చీ, హీటర్. ఎదురుగా మక్కలు పోసిన పీపా, దానికి టైమరు. తెల్లారి టైముకు ఆ మిషన్ మక్కలు చిమ్ముతుంది. రోజూ తినడానికి అలవాటు పడ్డ జింకలు వచ్చి తింటుంటాయి. అక్కడ అది చట్టబద్ధమే, నేరమేమీ కాదు. "ఎంత దూరం నుంచి కొట్టినవ్?" అన్నాను. "ఎనభై గజాలు." "మరి ఆరొందలు?" "అది పొటెన్షియల్, బామ్మర్దీ."

ఆ పొటెన్షియల్‌ను తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో వాడి చూడమని నా మనవి. టేకు ఆకు రాలకముందు అక్కడ ఎదురుగా వచ్చే ఆర్టీసీ బస్సే మలుపు తిరిగేదాకా కనపడదు. ఆరొందల గజాల అవతల దుప్పి ఏం ఖర్మకు కనపడుతుంది?

నిజంగా గురి పెట్టేవాళ్లు ఈ గొడవలో దిగరు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ ఆటలో అందరిదీ 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్టే, బరువు అర గ్రాము. మధ్యలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. క్యాలిబర్ ఎంచుకునే బాధ లేదు, తగిలించడం ఒక్కటే బాధ. మావాళ్లు ఆ ఆటను చూడరు. అందులో మగతనం లేదట.

పంట కాపలా కోసం అడిగే రైతుకు 1959 ఆయుధ చట్టం పేరుపెట్టి మరీ ఇచ్చిన తుపాకీ ఏదో తెలుసా? మూతిలోంచి మందు కూరి కొట్టేది. అందులో తూటానే ఉండదు. చేన్లో పంది పడ్డ రైతుకు మీ .308తోనూ పనిలేదు, మీ క్రీడ్‌మోర్‌తోనూ పనిలేదు. పంటకు హాని చేసే జంతువును చంపడానికి వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద అనుమతి ఉంటుంది. అర్జీ పెట్టుకోవాలి, అధికారి ఒప్పుకోవాలి, షూటర్ రావాలి. పంది రాత్రిపూట పనిచేస్తుంది, ఫైలు పగటిపూట మాత్రమే పనిచేస్తుంది. మధ్యలో మక్క చేను పోతుంది.

అందుకని మన పల్లెల్లో నిజంగా ప్రాణాలు తీస్తున్న ఆయుధం ఏ క్యాటలాగులోనూ కనపడదు. దాని పేరు బైండింగ్ వైరు. హార్డ్‌వేర్ షాపులో కిలోల లెక్కన ఇస్తారు, లైసెన్సు అడగరు. మోకాలి కిందికి వచ్చేట్టు కర్రలకు కట్టుకుంటూ పోయి, రాత్రి కాగానే పైన పోయే కరెంటు లైనుకు కొక్కెం తగిలిస్తారు. దానికి పందీ ఒకటే, పులీ ఒకటే. చీకట్లో మోటారు వేయడానికి పోయిన మనిషీ ఒకటే, పొద్దు పొడవక ముందే పత్తి ఏరడానికి అడ్డదారిన పోయిన ఆడమనిషీ ఒకటే. అది చాలదన్నట్టు బైకు క్లచ్ వైరుతో ఉచ్చులు, పిండి ముద్దలో చుట్టిన నాటు బాంబులు. ఆ ముద్దను పంది తినకపోతే మేతకు పోయిన బర్రె తింటుంది, దవడ ఎగిరిపోయి ఇంటికొస్తుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు చచ్చిపడితే, పశువు కళేబరానికి విషం పెట్టిన సంగతి బయటికొచ్చింది. అందులో ఒక్క తూటా కూడా ఖర్చు కాలేదు.

గుండు వేగం గురించి మూడు గంటలు మాట్లాడే నోళ్లకు ఈ తీగె గురించి మూడు ముక్కలు రావు. ఎందుకు రావంటే, తీగె పెట్టేది మనవాళ్లే. చచ్చేది కూలీ. పంట పోయిన కడుపుమంట నాకు తెలుసు, ఒక్క రాత్రిలో ఎకరం మక్క నేలమట్టమైతే ఎట్లుంటుందో చూశాను. దానికి పరిహారం అడగండి, కంచెకు సబ్సిడీ అడగండి, ఆ ఫైలు కదిలేదాకా ఆఫీసు ముందు కూర్చోండి, నేనూ వస్తాను. కానీ మనిషి నడిచే దారిలో కరెంటు పరిచి ఇంటికొచ్చి పడుకునేవాడిని రైతన్న అని నేను అనను. వాడు హంతకుడు. పొద్దున్నే శవం కనపడగానే తీగె చుట్టేసి, చూసినవాళ్లలో ముందు వరసలో నిలబడేదీ వాడే. పెద్దమనుషులు కూర్చుంటారు, ప్రాణానికి ఇంత అని తెగ్గొడతారు. కాగితం మీద మాత్రం గుర్తు తెలియని వ్యక్తులు. గుర్తు తెలియదట! ఊళ్లో ఎవడి గట్టు మీద ఎవడి తీగె ఉందో బడికి పోయే పిల్లలకు కూడా తెలుసు.

ఆ దావత్‌లోనే పెద్దబాపును అడిగాను. అడివిలో తుపాకీ పేలితే, చప్పుడును బట్టి ఏ తూటానో చెబుతానని అంతకు ముందే పందెం కాశాడు. "పెద్దబాపూ, పోయిన వానాకాలం మీ శివారులో కూలీ పోయిండు గదా. ఆ తీగె ఎవలది?"

ఆరొందల గజాల అవతలి గాలిని లెక్కగట్టిన బావ ఫోన్ తీశాడు. ఎథికల్ పిల్లగాడు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

"మనకెందుకురా గయన్నీ," అన్నాడు పెద్దబాపు. "మటన్ ఇటు తెమ్మను."