సవరణ: లెదర్ బ్యాగుకి బేకింగ్ సోడా వద్దు

మొన్న పాత లెదర్ హ్యాండ్‌బ్యాగుల పోస్టులో బూజు మరకలకి బేకింగ్ సోడా నీళ్ళలో కలిపి రుద్దమన్నా కదా, అది తప్పు చెప్పాను. లెదర్‌ది ఆమ్ల గుణం, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) దాదాపు 4 నుంచి 5, బేకింగ్ సోడా కలిపిన నీళ్ళది 8 పైనే, దాంతో తోలు బిరుసెక్కి పగుళ్ళిచ్చే ప్రమాదం ఉంది, రంగు కూడా పోవచ్చు. మ్యూజియంలలో తోలు వస్తువులు చూసుకునేవాళ్ళ సూచనల్లో చదివా, పూర్ణామార్కెట్ దగ్గర బ్యాగులు కుట్టే ఆయనా అదే అన్నారు.

మన వైజాగ్ ఉక్కకి బూజు ఎలాగూ పట్టేస్తాది. మాస్క్ పెట్టుకుని బాల్కనీలో మెత్తటి పొడి బ్రష్‌తో దులపండి, ముఖ్యంగా కుట్ల సందులూ జిప్పు అంచులూ, తర్వాత గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి నీడలో ఫ్యాన్ కింద ఆరనివ్వండి, ఎండలో మాత్రం పెట్టకండి. స్వేడ్ (మెత్తటి నూగులా ఉండే తోలు) అయితే తడిగుడ్డ కూడా వద్దు.

పాత పోస్టు షేర్ చేసినవాళ్ళు ఇది కూడా పంపండి ప్లీజ్.