చేపలకు తవుడు, మనకు డబ్బా

గోదావరి డెల్టాలో పొద్దున్నే అత్యంత ఆరోగ్యకరమైన ఫలహారం చేస్తున్న వర్గం ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పవచ్చు. చేపలు. ఉండి, ఆకివీడు వైపు చెరువు గట్ల వెంట తిరిగిన వారికి ఇందులో అతిశయోక్తి కనిపించదు. చెరువులో వరసగా వెదురు గెడలు పాతి ఉంటాయి. పడవ మీద వెళ్లే మనిషి, అడుగున చిల్లులు పొడిచిన తవుడు సంచులను ఒక్కో గెడకు కట్టి నీళ్లలోకి జారవిడుస్తాడు. కాసేపటికి శీలావతులు, బొచ్చెలు చేరి, చిల్లులకు మూతి ఆనించి కావలసినంత లాక్కుని తిని వెళ్లిపోతాయి. ‘నా మాట మీద ఇంకొక్కటి వేసుకోండి’ అని బతిమాలే వారు అక్కడ ఎవరూ ఉండరు. ఆ తవుడులో పీచు ఉంది, మాంసకృత్తులున్నాయి, బి విటమిన్లున్నాయి. చక్కెర లేదు, రంగు లేదు, వెనిలా వాసన లేదు. పదార్థాల పట్టిక రాయమంటే ఒక్క మాటతో అయిపోతుంది.

సరిగ్గా అదే సమయానికి ఆ చేపలను పెంచే ఆసామి తన డాబా ఇంట్లో భోజనాల బల్ల ముందు కూర్చుని, ‘పీచు అధికం’ అని బంగారు అక్షరాలతో అచ్చేసిన అట్ట డబ్బా విప్పి, అందులోని రేకులను చల్లటి పాలలో పోసుకుని నములుతూ ఉంటాడు. డాక్టరు పీచు తినమన్నాడు మరి. ఆయన పొలంలో పండిన పీచు ఆయన చెరువులోకే పోతోంది కదా అని ఒకసారి మనవి చేశాను. చెరువులోకి పోయేది వరి తవుడనీ, డబ్బాలో వచ్చేది గోధుమ తవుడనీ, రెండింటికీ పోలికే లేదనీ ఆయన సెలవిచ్చారు. ఒప్పుకున్నాను. నూరెకరాల చెరువు ఉన్న మనిషితో తవుడు విషయంలో వాదించకూడదు.

నిజానికి తప్పు ఆసామిది కాదు, మన మిల్లుల ప్రతిభది. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ నేలకు వరి తప్ప మరో ధ్యాస లేదు. మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం, అదే ఎంటీయూ 7029, రాష్ట్రాలు దాటి పాకింది. తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే గ్లైసెమిక్ సూచిక తక్కువగా ఉన్న వరి రకాల్లో స్వర్ణ ఒకటని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2011లో చెప్పింది కూడా. ఇంత మంచి గింజ ఇంటి వెనకే పండుతుంటే ఎవరికైనా కంగారుగా ఉంటుంది. ఆ కంగారు తీర్చడానికే మిల్లులు వెలిశాయి. ఊక ఊడదీయడంతో వాటి పని ఆగదు. గింజను అంటుకున్న గోధుమరంగు పొరను, మూలనున్న మొలకను ఒకసారి చెక్కుతారు, మరోసారి చెక్కుతారు, ఆపైన నీటి తుంపర చల్లి సిల్కీ పాలిష్ పెడతారు. చివరికి మల్లెపూవు లాంటి అన్నం కంచంలోకి వస్తుంది. చెక్కిందంతా నూనె మరకూ, అక్కడి నుంచి చెరువుకూ చేరుతుంది.

ఈ విద్య వల్ల ఏమవుతుందో తెలిసి నూరేళ్లు దాటింది. 1890లలో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, పాలిష్ బియ్యం తిన్న కోళ్లు కాళ్లు పడిపోయి కూలబడటం, పొర తీయని బియ్యం పెడితే లేచి తిరగడం కనిపెట్టాడు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతిలో సగం వాటా ఇచ్చారు. కోళ్లకు ఏమిచ్చారో చరిత్ర చెప్పదు. పొరలో ఉన్న బి1 విటమిన్‌ను గింజలోకి దించే ఉపాయం కూడా మన దగ్గరే ఉంది. ధాన్యాన్ని నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి ఆడిస్తే సరి. తూర్పు గోదావరి మిల్లుల్లో ఈ ఉప్పుడు బియ్యం బ్రహ్మాండంగా తయారవుతుంది. తయారు కాగానే దాన్ని భద్రంగా కేరళకు పంపించేస్తాం. మనకంత కర్మ పట్టలేదు.

అయితే ప్రభుత్వం ఊరుకోలేదు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి ప్రత్యేకంగా తయారు చేసిన గింజలను రేషన్ బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలిపి ఇచ్చింది. ఆ గింజలు తక్కిన వాటికంటే కొంచెం వేరుగా కనిపిస్తాయి. కాబట్టి అరుగు మీద చేట పెట్టుకుని, కళ్లజోడు సవరించుకుని, ‘ప్లాస్టిక్ బియ్యం కలిపారు’ అని ఒక్కో గింజనే ఏరి కాలవలోకి విసిరిన పెద్దమ్మలు ఉన్నారు. ఆ పోషకాలు కూడా ఎవరి నోట్లో పడ్డాయో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక డబ్బా పుట్టుక సంగతి. 1863లో అమెరికాలో జేమ్స్ జాక్సన్ అనే వైద్యుడు గ్రాన్యులా అనే ఫలహారం కనిపెట్టాడు. అది ఎంత గట్టిదంటే రాత్రి నానబెడితే గాని పొద్దున పళ్లకు లొంగేది కాదు. రాత్రి నానేసి పొద్దున తినడమనే ఈ మహత్తర ఆవిష్కరణ జరిగేనాటికి మన వంటింటి మూల తరవాణి కుండ ఎన్ని తరాలుగా పులుస్తోందో, దానికి పేటెంటు ఎందుకు తీసుకోలేదో నాకు అర్థం కాదు. తర్వాత 1894లో మిచిగాన్ రాష్ట్రం బాటిల్ క్రీక్‌లోని ఒక ఆరోగ్యాశ్రమంలో, ఉడికించిన గోధుమలు మరిచిపోయి పాచిపట్టాక రోలర్ల మధ్య నడిపితే రేకులొచ్చాయి. ఆ ఆశ్రమం నడిపిన అన్నదమ్ముల్లో అన్న జాన్ కెలాగ్ డాక్టరు, చక్కెర అంటే గిట్టనివాడు. తమ్ముడు విల్ వ్యాపారి, చక్కెర లేకపోతే అమ్ముడుపోదన్నవాడు. 1906లో తమ్ముడు సొంత కంపెనీ పెట్టాడు. ఎవరు గెలిచారో తెలియాలంటే ఏ డబ్బా అయినా కొంచెం నాకి చూడండి.

డబ్బా ఎంచుకోవడం ఒక శాస్త్రం. దానికి కావలసిన పరికరం పంచాంగం చూసే భూతద్దం. ముందు వైపు అచ్చేసిన దేనినీ చదవకూడదు. అక్కడ పచ్చని చేలు, సూర్యోదయం, సన్నటి నడుము, దానికి చుట్టిన కొలత టేపు ఉంటాయి. అది చిత్రకళ. వెనక్కి తిప్పితే అట్ట మడత పడే చోట, చీమ కాళ్లంత అక్షరాల్లో అసలు సంగతి ఉంటుంది. పదార్థాలను బరువు తగ్గే వరసలో రాయాలన్నది మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. ముందు ఏది రాస్తే అదే ఎక్కువ. మా బజారులో ఒక డబ్బా మీద అయిదు ధాన్యాల కంకులు పందిరి వేసినట్టు బొమ్మ ఉంది. వెనక వరస చూస్తే మొక్కజొన్న రవ్వ, తర్వాత చక్కెర, తర్వాత గోధుమ పిండి, తర్వాత మాల్టు రసం, తర్వాత ఉప్పు. రాగులు, జొన్నలు ఉప్పు వెనకాల, పెళ్లి ఫొటోలో ఆఖరి వరస బంధువుల్లా, తలలు మాత్రం కనిపించేలా నిలబడ్డాయి. ఉప్పు కంటే తక్కువ పడిన రాగులతో ఎముకలు గట్టిపడతాయని నమ్మాలంటే ముందు గుండె గట్టిదై ఉండాలి.

చక్కెర మరీ గడుసుది. తన పేరుతో మొదటి స్థానంలో నిలబడటం నామోషీ కాబట్టి గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, తేనె అని వేర్వేరు పేర్లతో వరసలో నాలుగుచోట్ల కూర్చుంటుంది. పిండి నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే దాయాదిని కూడా వెంట తెచ్చుకుంటుంది. విడివిడిగా చూస్తే అందరూ చిన్నవాళ్లే. పోషక విలువల పట్టికలో ఆ దాయాదిని తప్ప అందరినీ చక్కెర కింద కూడేస్తారు గనక అక్కడ పట్టుకోవాలి. నూరు గ్రాములకు చక్కెర 28 అని ఉంటే, చెంచాకు 4 గ్రాముల లెక్కన ఏడు చెంచాలు. వెంటనే కంపెనీ వారు ‘మీరు తినేది 30 గ్రాములే కదా’ అంటారు. అన్నం కుంచాలతో కొలిచిన ప్రాంతంలో నిలబడి 30 గ్రాములనే మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి! మన గిన్నెలో అడుగు కనపడకుండా పోసేసరికే 60 దాటుతుంది.

విటమిన్ల సంగతి ఇంకా రమ్యంగా ఉంటుంది. గింజ నుంచి పొర తీసి, పిండి చేసి, మరలో వేడిమీద ఒత్తిడితో ఉబ్బించి, పోయిన విటమిన్లను పైన మళ్లీ చల్లి, చల్లినందుకు డబ్బా మీద పెద్ద అక్షరాలతో మనకు శుభాకాంక్షలు చెబుతారు. బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన మాంటీరో అనే పోషకాహార పరిశోధకుడు ఆహారాన్ని శుద్ధి చేసిన తీరును బట్టి నాలుగు వర్గాలు చేశాడు. వంటింట్లో దొరకని సరుకులతో ఫ్యాక్టరీలో తయారయ్యేవి నాలుగో వర్గం. ఈ రంగుల రేకుల్లో చాలావరకు అక్కడే తేలతాయి.

సరే, మంచి డబ్బాలే లేవా అంటే ఉన్నాయి. పట్టికలో ఒకే ఒక్క పేరు, అది గింజ పేరు అయితే నిర్భయంగా తీసుకోవచ్చు. ఓట్స్‌లో కత్తిరించిన గింజ ఉంది, ఆవిరిపట్టి చదును చేసినది ఉంది, మరీ పల్చగా చేసి రెండు నిమిషాల్లో జావ అయ్యేది ఉంది. గింజ ఎంత మందంగా ఉంటే అరగడానికి అంత సమయం తీసుకుంటుంది, ఆకలి అంత ఆలస్యంగా వేస్తుంది. మసాలా కలిపిన చిన్న పొట్లాలను ఉప్పు పొట్లాలుగా లెక్కవేసుకోవాలి. ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వచ్చే ఈ గింజ మీద నాకు ద్వేషం లేదు. కాకినాడ రేవు నుంచి మన బియ్యం ఆఫ్రికాకు ఓడలెక్కుతోంది కాబట్టి సముద్రంలో ఎక్కడో రెండూ ఎదురుపడి పలకరించుకుంటాయి. 2025–26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. అంటే మన 75 కిలోల బస్తా 1,777. ఎండు పళ్లు కలిపిన విదేశీ డబ్బాలు నాలుగు కొంటే బస్తా ధాన్యం డబ్బు చెల్లు.

ఈ మాట అనగానే ‘మా తాత చద్దన్నం తిని తొంభై ఏళ్లు బతికాడు’ అనే వర్గం లేచి నిలబడుతుంది. వారి ముందూ ఒక మనవి. తాతగారు తిన్నది దంపుడు బియ్యం చద్ది. తిని అరక వెనకాల మధ్యాహ్నం దాకా నడిచారు. మనవడు తినేది రెండుసార్లు పాలిష్ పట్టిన బియ్యం చద్ది, దాని మీద గడ్డ పెరుగు, వేయించిన ఊరమిరపకాయలు. తిని కాలవ గట్టు దాకా బండి మీద వెళ్లి, అక్కడ చద్దన్నం గొప్పతనం గురించి ఫోనులో వీడియో చూస్తాడు. అంబాజీపేట పొట్టిక్కలు అమృతమే, పెసరట్టు మీద ఉప్మా అంతకంటే అమృతమే. వాటిని వైద్యం పేరుతో సమర్థించడం వాటికే అవమానం.

ఈ శాస్త్రానికి డెల్టాలో ఎదురయ్యే అసలు అడ్డంకి మర్యాద. మొన్న సంక్రాంతికి మా వీధిలో ఒకరింటికి కొత్త అల్లుడు వచ్చాడు. వందల రకాలు వడ్డించి ఆ అంకెను పత్రికలకు ఎక్కించుకునే ప్రాంతంలో, ఆ అబ్బాయి పొద్దున్నే నెమ్మదిగా, “అత్తయ్య గారూ, నాకు కాసిని ఓట్స్ నీళ్లలో ఉడికించి ఇస్తే చాలండి” అన్నాడు. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆవిడ కొంగుతో కళ్లు అద్దుకుని, “మా వల్ల ఏదైనా లోపం జరిగిందా అల్లుడు గారూ?” అని అడిగారు. మామగారు విషయం పెద్దలదాకా వెళ్లకుండా చూడాలనుకున్నారు. చివరికి ఓట్స్ వచ్చాయి. గేదె పాలలో ఉడికి, బెల్లం కరిగి, ఏలకులు పడి, నేతిలో వేగిన జీడిపప్పు నిండా తేలి, పక్కన అత్రేయపురం పూతరేకులు రెండు తోడుగా పెట్టుకుని వచ్చాయి. పీచు చెక్కుచెదరలేదు. దాన్ని చేరుకోవడానికి మాత్రం నెయ్యి ఈదుకుంటూ వెళ్లాలి.

కాబట్టి ప్రభుత్వం వారికి నా విన్నపాలు. పుష్కరాలకు వచ్చే యాత్రికులకు చెరువు గట్ల మీద ఆదర్శ ఫలహార శాలలు చూపించాలి. ప్రతి బడిలోనూ తొలి ఏకాదశి నాటి పేలపిండికి డబ్బా కుట్టించి, పులి బొమ్మ వేయించి పంచాలి. లేకపోతే పిల్లలు ముట్టరు. బియ్యం పాలిష్ పట్టించే ప్రతివారి చేతా, తవుడు తమకు అక్కర్లేదని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించుకోవాలి.

ఇవన్నీ అమలయ్యేలోగా నా వంతుగా ఊళ్లో మిల్లుకు వెళ్లాను. ఊక మాత్రం తీసి, పాలిష్ పట్టకుండా అరబస్తా ఆడించమని అడిగాను. మిల్లు ఆసామి నా మొహం పరిశీలనగా చూసి, “ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగా లేదాండీ?” అన్నాడు. అందరూ బాగున్నారన్నాను. “మరి ఎందుకండీ?” అన్నాడు. తవుడు మంచిదట అన్నాను. ఆయన లెక్క చెప్పాడు. ఆడించే కూలి కింద తవుడు, నూక ఆయనకే మిగలాలి. నేను తవుడంతా బియ్యానికే అంటించి పట్టుకుపోతే ఆయనకు మిగిలేది ఊకా ఉమ్మీ. తవుడులో నూనె ఉంటుంది గనక ఆ బియ్యం తొందరగా ముక్కవాసన వేస్తాయి, పురుగు కూడా పడుతుంది, అప్పుడు తనను అడగకూడదు. తక్కువ పని చేసినందుకు ఎక్కువ డబ్బు ఇవ్వాలన్నమాట. పట్నంలో అట్ట పెట్టెల్లో ముడి బియ్యం అంత ధర ఎందుకో అప్పుడు తెలిసింది. డబ్బిచ్చాను.

గోధుమరంగు బియ్యం సంచిలోకి దిగాయి. ఆసామి గుప్పెడు తీసి వెలుతురులో చూసి, తల అడ్డంగా ఊపి, మర దగ్గరున్న కుర్రవాడిని పిలిచాడు.

“సంచి తిరగేసి కట్టరా. పైకి మన మిల్లు పేరు కనబడకూడదు.”